నూకరత్నం ఊపిరి పుస్తకం

1986 జనవరిలో నన్ను విశాఖపట్నంలో స్కూలు ఆరోగ్య పథకానికి డిప్యుటేషన్ మీద వేశారు. హోదా అసిస్టెంట్ సర్జన్. మా శాఖలో పేరులో సర్జన్ ఉన్నంత మాత్రాన కత్తి పట్టాలని లేదు. అప్పటికి పదేళ్ళ సర్వీసులో నేను కోసిన వాటిలో అతి పెద్దది ఒక సెగగడ్డ.

పథకంలో నా పని స్పష్టంగా కాగితం మీద ఉండేది. ఒక్కో బడికి వెళ్ళి పిల్లల కళ్ళు, పళ్ళు, చెవులు, ఎత్తు, బరువు చూసి కార్డులు నింపాలి. జబ్బు కనిపిస్తే పెద్దాసుపత్రికి చీటీ రాయాలి. వైద్యం చేయడం నా పరిధిలో లేదు. నా తోటివాళ్ళు ఈ పోస్టును విశ్రాంతి గది అనేవాళ్ళు. నాకు మాత్రం అక్కడ ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన మంచిదే. దాన్ని నేను ఎలా పాడుచేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గాజువాక దాటాక ఒక ఉన్నత పాఠశాల ఉండేది. తండ్రుల్లో సగం మంది ఉక్కు ఫ్యాక్టరీ కట్టే చోట పనిచేసేవాళ్ళు, కొందరు పోర్టులో సరుకు దించే కళాసీలు. ఎనిమిది నుంచి పది దాకా తరగతుల్లో తనిఖీ చేస్తే స్టెతస్కోపు పెట్టగానే పిల్లికూతలు వినిపించే పిల్లలు పద్దెనిమిది మంది తేలారు. అది ఉబ్బసం. ఆ మాట అంటే మాత్రం ఒప్పుకునే తల్లి లేదు. ‘పడిశం బాబూ, మా ఇంట్లో అందరికీ ఉన్నదే’ అనేవాళ్ళు. పిల్ల రాత్రంతా దిండ్లు ఎత్తుపెట్టుకుని కూర్చుని నిద్రపోతున్నా అది పడిశమే.

ఉబ్బసానికి మందులు రెండు రకాలు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు తగ్గించేది. రెండోది ఆయాసం రాకుండా, బాగున్న రోజుల్లో కూడా రెండు పూటలా వాడవలసింది. మొదటి దాని మహిమ పది నిమిషాల్లో తెలుస్తుంది. రెండోది బాగా పనిచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే మందు గొప్పతనమని నమ్మించడం మా వృత్తిలో చాలా కష్టమైన పని. అందుకే పిల్లలు నాలుగు రోజులు వాడి మానేసేవాళ్ళు.

పై అధికారుల అనుమతి తీసుకుని, ఒక దాతల సంఘాన్ని పట్టుకుని, రెండో రకం మందు ఏడాదికి సరిపడా తెప్పించాను. అది క్యాప్సూల్‌లో ఉండే మెత్తని పొడి. మింగేది కాదు. ఒక ప్లాస్టిక్ గొట్టంలో క్యాప్సూల్ పెట్టి, గొట్టాన్ని తిప్పితే అది విరిగి పొడి బయటికి వస్తుంది. ఆ గొట్టాన్ని నోట్లో పెట్టుకుని గట్టిగా పీలిస్తే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వీటితోబాటు రెండు పీక్ ఫ్లో మీటర్లు కూడా వచ్చాయి. మీటరు అంటే జానెడు గొట్టం, దాని మీద అంకెల స్కేలు, స్కేలు మీద జరిగే చిన్న ముల్లు. గుండెల నిండా గాలి పీల్చుకుని ఒక్క ఊపున ఊదితే ముల్లు జరిగి ఒక అంకె దగ్గర ఆగుతుంది. ఊపిరి గొట్టాలు ఎంత తెరుచుకుని ఉంటే అంకె అంత పెద్దది. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు మూడు వందలు, మూడు వందల యాభై ఊదితే చాలు.

పద్ధతి ఇలా పెట్టాను. పద్దెనిమిది మందీ ప్రార్థన కాగానే డ్రిల్లు మాస్టారు సత్యారావు గారి ముందు రోజూ ఊదాలి. వచ్చిన అంకెను ఎవరి నోటుపుస్తకంలో వాళ్ళు రాసుకోవాలి. వాటికి ‘ఊపిరి పుస్తకాలు’ అని పేరు పెట్టాను. పేరు పెట్టడంలో నాకు ఎప్పుడూ ఆలస్యం లేదు. సోమవారం నేనూ, మా పథకం నర్సు రూతమ్మా వెళ్ళి పుస్తకాలు చూస్తాం. రూతమ్మ నాకంటే పన్నెండేళ్ళు సీనియరు. నాలుగు మాటలు మాట్లాడే చోట ఒకటే మాట్లాడేది, ఆ ఒక్కటీ సరిగ్గా తగిలేది.

మొదటి నెల పిల్లలు బద్ధకంగా ఊదారు. అప్పుడు నేను, నేనే, బహుమతి పెట్టాను. నెలలో అందరికంటే ఎక్కువ అంకె పెంచుకున్నవాళ్ళకి మూడు గిన్నెల స్టీలు టిఫిను క్యారేజీ. ర్యాంకులు వరండాలో బోర్డు మీద రాయించాను.

“డాక్టరు గారూ, పోటీ పెడితే పిల్లలు గెలుస్తారండీ,” అంది రూతమ్మ. “జబ్బు ఓడిపోతుందని నమ్మకమేమిటి?”

నేను నవ్వేశాను. నర్సులకు మనస్తత్వశాస్త్రం తెలియదని అప్పట్లో నా అభిప్రాయం.

ఫలితం వారంలోనే కనిపించింది. పిల్లలు ప్రార్థనకు ముందే వచ్చి వరసలో నిలబడటం మొదలుపెట్టారు. సత్యారావు గారు విజిల్ వేస్తూ, ‘లాగు, లాగు, వదులు!’ అని తాడు లాగే పోటీలో లాగా అరిచేవారు. బోర్డు మీద అంకెలు మూడు వందలు దాటాయి, నాలుగు వందలు దాటాయి. ఏ జబ్బూ లేని పిల్లలు నా చుట్టూ మూగి, ‘సార్, మాక్కూడా ఉబ్బసం రాయండి సార్’ అని బతిమాలేవాళ్ళు. పడిశమని దబాయించిన తల్లి ఒకావిడ వచ్చి, మా రెండోవాడికి కూడా ఉన్నాది, వాడినెందుకు వదిలేశారని నన్ను నిలదీసింది.

అందరికంటే పైన తొమ్మిదో తరగతి సన్యాసిరావు పేరు ఉండేది. సన్నగా, కర్రపుల్లలా ఉండేవాడు. సెప్టెంబరు నాటికి అయిదు వందల అరవై ఊదాడు. అంత అంకె పొడవాటి మగవాడు, ఆరోగ్యంగా ఉన్నవాడు ఊదవలసింది. ఆ సంగతి నాకు తెలుసు. వైద్య పుస్తకంలో పట్టిక ఉంది. పుస్తకం నా సంచిలోనే ఉంది. తీసి చూడలేదు. ఇష్టమైన అంకె వచ్చినప్పుడు పట్టికలు ఎవరు చూస్తారు?

ఒక్క పిల్ల పుస్తకం మాత్రం ఎదురు నడిచింది. ఆమె పేరు నూకరత్నం, పదో తరగతి. జూన్‌లో రెండు వందల యాభైతో మొదలుపెట్టి, ఆగస్టులో రెండు వందల పది, సెప్టెంబరులో నూట తొంభై. ఆయాసం వచ్చి నెలలో పదేసి రోజులు బడికి రాలేకపోయేది. పదో తరగతిలో నిర్ణీత హాజరు లేకపోతే పబ్లిక్ పరీక్షకు కూర్చోనివ్వరు. తండ్రి పోర్టులో కళాసీ. ఈ ఏడు పరీక్ష తప్పితే బడి మానిపించేస్తానని ఇంట్లో అనేశాడట. ఆ మాట ఆమె నాకు చెప్పలేదు, రూతమ్మకు చెప్పింది. రూతమ్మ నాకు చెప్పింది.

ఒక సోమవారం అందరి ముందూ నూకరత్నాన్ని నిలబెట్టి, “అందరూ పైకి వెళ్తుంటే నువ్వొక్కదానివే కిందికి వెళ్తున్నావేమిటి? మనసు పెట్టి ఊదడం లేదు,” అన్నాను.

“ఊదతన్నాను సార్.”

“మందు వాడుతున్నావా?”

“వాడతన్నాను సార్. రెండు పూటలూను. ఒక్క పూటా తప్పలేదు.”

వెనకనుంచి సన్యాసిరావు, “నాను సెప్తాను రాయే, ఎలా ఊదాలో,” అన్నాడు.

“నీ ఊదుడు నాకొద్దు,” అంది నూకరత్నం. “అది ఊదుడు కాదు.”

ఈ మాట నా చెవిన పడింది. ఓడిపోయిన పిల్ల ఉక్రోషం అనుకున్నాను.

నవంబరులో జిల్లా వైద్యాధికారి గారు నా నివేదిక అడిగారు. పథకం బాగుంటే మిగతా బడులకు కూడా విస్తరిస్తామన్నారు. నేను కూర్చుని సగటు కట్టాను. పదిహేడు మంది సగటు దివ్యంగా ఉంది. పద్దెనిమిదో పిల్లను కలిపితే కాస్త దిగుతోంది. అప్పుడు రిజిస్టరు తీసి, నూకరత్నం పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో రాశాను: ‘సహకరించని రోగి. మందు వాడటం లేదు. పథకం నుంచి తొలగించడమైనది.’ కింద సంతకం, తేదీ.

“ఆ పిల్ల అబద్ధం ఆడటం లేదండీ,” అంది రూతమ్మ.

“అంకెలు చెబుతున్నాయి కదా,” అన్నాను.

“అదేనండీ. అంకెలు చెబుతున్నాయి,” అంది.

నివేదిక వెళ్ళిన మూడు వారాలకు జిల్లా అధికారి గారే స్వయంగా ప్రదర్శన చూడటానికి వచ్చారు. వెంట ఛాతీ వ్యాధుల ప్రొఫెసరు ఒకరిని తీసుకొచ్చారు. రిటైరైనాయన, తెల్లని ఖద్దరు చొక్కా, మెత్తని గొంతు. బడి హాలులో కుర్చీలు వేశారు. పదిహేడు మంది ఇస్త్రీ బట్టలతో వరసలో నిలబడ్డారు. సత్యారావు గారు కొత్త విజిల్ కొనుక్కున్నారు.

మొదట సన్యాసిరావు. ఆరు వందల పది. చప్పట్లు. తర్వాత వచ్చినవాళ్ళు అయిదు వందలకు తగ్గలేదు. ప్రొఫెసరు గారు లేచి వచ్చి మీటరు ముల్లును వేలితో వెనక్కి జరిపి చూశారు. తర్వాత మీటరు నా చేతికిచ్చి, “మీరొకసారి ఊదండి డాక్టరు గారూ,” అన్నారు.

నాకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. శక్తినంతా కూడగట్టి ఊదాను. నాలుగు వందల డెబ్బై. అందులో రోజూ కాల్చే సిగరెట్ల వాటా ఉంది. పొగ మానమని పిల్లల తండ్రులకు ఉపన్యాసాలిచ్చి జీపు చాటున కాల్చేవాణ్ణి. ఉబ్బసం ఉన్న పద్నాలుగేళ్ళ పిల్లవాడు నాకంటే నూట నలభై ఎక్కువ ఊదాడన్న లెక్క హాలులో అందరికీ ఒకేసారి తెలిసిపోయింది.

ప్రొఫెసరు గారు సన్యాసిరావును దగ్గరికి పిలిచి, “నాయనా, నాక్కూడా నేర్పుతావా?” అని అడిగారు.

వాడిలో దాపరికమే లేదు. నేర్పమని అడిగిన మొదటి పెద్దమనిషి ఆయనే కాబోలు. “బొప్పాయి కాడలో వేపకాయ పెట్టి కొడతాం గదా సార్, అలాగ. నాలికతో గొట్టం మూసీయాల. బుగ్గల్లో గాలి బిగబట్టాల. తుప్పుమని ఉమ్మినట్టు వదిలీయాల. గుండెల్తో ఊదితే ఏటొస్తాది సార్, మూడొందలు కూడా రాదు.”

“వీళ్ళందరికీ నువ్వే నేర్పావా?”

“మా బావలకి నేర్పాను సార్. ఆల్లు మిగతావోల్లకి నేర్పారు.”

ప్రొఫెసరు గారు వాడు చెప్పినట్టే చేశారు. అరవై దాటిన మనిషి. ముల్లు ఆరు వందల ఎనభై దగ్గర ఆగింది. పిల్లలు ఈలలు వేశారు. జిల్లా అధికారి గారికి కూడా సరదా పుట్టి మీటరు అందుకున్నారు. ఆయనవి కట్టుడు పళ్ళని అంతవరకు మాకెవరికీ తెలియదు. తర్వాత జరిగినది వర్ణించడం సర్వీసు మర్యాద కాదు. రూతమ్మ దూదీ, గిన్నే పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుని నిలబడిందని మాత్రం చెబుతాను.

అసలు ఊదుడు ఊదించారు ప్రొఫెసరు గారు, ప్రతి పిల్లవాడి బుగ్గలూ తన వేళ్ళతో నొక్కిపట్టి. సన్యాసిరావుకు రెండు వందల అరవై వచ్చింది. ఉబ్బసం ఉన్న పిల్లవాడికి రావలసిన అంకె. కొందరికి కాస్త మెరుగు, కొందరికి జూన్‌లో ఎంతో ఇప్పుడూ అంతే. నా నివేదిక చేతిలో పెట్టుకుని నిలబడ్డాను.

ఆయన రిజిస్టరు తిప్పుతూ, “వరస నంబర్లు పద్దెనిమిది ఉన్నాయి. పుస్తకాలు పదిహేడే ఉన్నాయి,” అన్నారు.

నేను ఏదో అనబోయాను. ఈలోగా రూతమ్మ తన సంచిలోంచి పద్దెనిమిదో పుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది. దాన్ని అటక మీద పడేయమని నేను చెప్పి నెల కావస్తోంది.

ప్రొఫెసరు గారు ఒక్కో పేజీ చూశారు. ఆయాసం వచ్చిన రోజు అంకె పడిపోవడం, తర్వాత కొద్దిగా లేవడం, మళ్ళీ పడిపోవడం, అన్నీ తేదీలవారీగా, చక్కటి చేతిరాతతో ఉన్నాయి. “ఈ బడిలో ఉబ్బసం గురించి ఒక్క పుస్తకమే ఉంది డాక్టరు గారూ. మిగతావి బొప్పాయి కాడల గురించి,” అన్నారు. హాలులో మళ్ళీ నవ్వులు.

నూకరత్నాన్ని తరగతిలోంచి పిలిపించారు. నాలుగు మెట్లు ఎక్కి వచ్చినందుకే భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఊదితే నూట డెబ్బై. ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, “మందు వాడుతున్నావా అమ్మా?” అని నేను అడిగిన ప్రశ్నే అడిగారు. ఆమె అదే జవాబు చెప్పింది. అప్పుడు ఆయన నేను అడగని ప్రశ్న అడిగారు. “ఎలా వాడుతున్నావో ఒకసారి చూపించు.”

నూకరత్నం క్యాప్సూల్ అందుకుంది. చుట్టూ చూసింది. “ఇక్కడ తేని ఉందా సార్?” అంది.

ఎవరూ నవ్వలేదు. క్యాప్సూల్ విప్పి, పొడి అరచేతిలో వేసుకుని, తేనె లేదు కాబట్టి ఎలా రంగరించాలో వేలితో తిప్పి చూపించింది. ఆరు నెలలుగా రెండు పూటలా ఊపిరితిత్తుల్లోకి పోవలసిన మందును తేనెలో నాకి మింగుతోంది. మా ప్రాంతంలో పొడి మందు ఏదైనా తేనెలో రంగరించి నాకించడమే పద్ధతి. చిన్నప్పుడు మా అమ్మ నాకూ అలాగే ఇచ్చింది. అయినా నాకు తోచలేదు.

ఎలా జరిగిందో కనుక్కోవడానికి విచారణ అక్కరలేదు. జూన్‌లో గొట్టంతో పీల్చడం నేను హాలులో అందరికీ నేర్పిన రోజు నూకరత్నం బడికి రాలేదు. ఆయాసంతో ఇంట్లో ఉంది. అందరికంటే జబ్బు ఎక్కువైన పిల్లే ఆ పాఠానికి లేదు. తర్వాతి వారం వరండాలో ఎదురైతే గొట్టమూ, క్యాప్సూళ్ళ డబ్బా చేతిలో పెట్టి, ‘పొద్దున ఒకటి, రాత్రి ఒకటి’ అని చెప్పి జీపెక్కాను. డ్రైవరు అప్పటికే హారన్ కొడుతున్నాడు.

మర్నాడు రూతమ్మను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి ఎర్రమ్మ చేపలు తోముతూ గుమ్మంలోనే ఉంది. గొట్టం ఎక్కడుందమ్మా అని అడిగితే లోపలికి తీసుకెళ్ళి చూపించింది. దేవుడి గూటి కింద తండ్రి స్పానర్లు, కొక్కేలు, సుత్తి వరసగా ఉన్నాయి. వాటి పక్కన నా ప్లాస్టిక్ గొట్టం. పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి ఉంది.

“దసరాకి సామాన్లకి పూజ సేత్తాం గదా బాబూ,” అంది ఎర్రమ్మ. “గవర్మెంటోరి సామాను, పిల్లలు పాడుసేత్తారని అక్కడెట్టినాను. మందు మాత్తరం నాను దగ్గరుండి నాకిత్తన్నాను. తేని కూడా మంచిదే. అరకునుంచి తెప్పించినాం.”

నేను గొట్టం కడిగి, ఎలా పీల్చాలో పీల్చి చూపించాను. ఎర్రమ్మ చేపల చేతులు నడుముకు పెట్టుకుని చివరిదాకా చూసింది.

“ఇంతేనేటి? ఈ ముక్క ఆ దినమే సెప్పకపోయావా? అంత సదువు సదివినావు, మందివ్వడం ఒచ్చింది గానీ ఎలా వాడాలో సెప్పడం రాలేదేటి బాబూ?”

రూతమ్మ దగ్గింది. అది పడిశం దగ్గు కాదు.

మూడు వారాల్లో నూకరత్నం అంకె రెండు వందల ఎనభైకి చేరింది. అంతటితో నా తప్పు సర్దుకుపోయిందనుకున్నాను. సర్దుకోలేదు. హాజరు లెక్క కట్టేసరికి ఆమెకు చాలా రోజులు తక్కువపడ్డాయి. అలాంటప్పుడు హెడ్మాస్టరు హాజరు మినహాయింపుకు పైకి రాయవచ్చు. దానికి వైద్యుడి సర్టిఫికెట్ కావాలి. రాని రోజులన్నీ జబ్బువల్లేనని, ఆ కాలమంతా రోగి చికిత్సలోనే ఉందని వైద్యుడు ధ్రువీకరించాలి. నా రిజిస్టరులో మాత్రం నవంబరు తేదీతో, ఎర్ర సిరాతో, ఆమె మందు వాడటం లేదని ఉంది. రిజిస్టరుకు విరుద్ధంగా సర్టిఫికెట్ ఇస్తే చెల్లదు.

నేను తెలివిగా ఒక వాక్యం తయారుచేశాను. ‘రోగి ప్రస్తుతం పూర్తిగా సహకరిస్తున్నది.’ హెడ్మాస్టరు కళ్ళజోడు పైకెత్తి చదివి కాగితం వెనక్కిచ్చారు. “ప్రస్తుతం సహకరిస్తోందంటే, అప్పుడు సహకరించలేదనే కదండీ? ఆ రోజుల్ని పైవాళ్ళు ఎలా మన్నిస్తారు?” అన్నారు. కాగితాలు పంపడానికి వారం గడువుంది.

మిగిలిన దారి ఒక్కటే. రిజిస్టరులో నా రాతను నేనే కొట్టేసి, కారణం రాసి సంతకం పెట్టాలి. జిల్లా అధికారి గారి సలహా అడిగాను. పళ్ళ సంగతి ఆయనింకా మర్చిపోలేదు. అధికారిక రికార్డులో తప్పు ఒప్పుకుంటే సంజాయిషీ అడగవలసి వస్తుందని, ఆలోచించుకోమని పొడిగా చెప్పారు. నేను ఆలోచించుకున్నాను. నాలుగు రోజులు ఆలోచించాను. ఒక పిల్ల చదువు ఒకవైపు, నా సర్వీసు పుస్తకంలో ఒక గీత ఇంకోవైపు ఉంటే, నాలుగు రోజులు పట్టిందని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అయిదో రోజు రూతమ్మ రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద తెరిచి పెట్టింది. “రాసేటప్పుడు ఎర్ర సిరాతో రాశారు. కొట్టేయడానికి ఏ సిరా వాడాలో రూల్సులో లేదండీ. నీలం తెచ్చాను,” అంది.

రాశాను. ‘పై నమోదు తప్పు. రోగి మొదటి రోజునుంచీ చెప్పినట్టే మందు వాడినది. పీల్చే విధానం ఆమెకు చూపించకపోవడం వైద్యాధికారి పొరపాటు. ఆమె రాసిన అంకెలన్నీ నిజమైనవి. వాటిని నమ్మకపోవడం కూడా వైద్యాధికారి పొరపాటే.’ చివరి వాక్యం అవసరం లేదు. రూతమ్మ ఇంకా నిలబడే ఉంది కాబట్టి రాశాను.

మినహాయింపు వచ్చింది. నూకరత్నం పరీక్ష రాసింది. లెక్కల్లో తప్పి, అక్టోబరులో మళ్ళీ రాసి పాసైంది. లెక్కలు పోవడానికి మాత్రం మీరు కారణం కాదు లెండి అని రూతమ్మ నన్ను ఓదార్చింది. తర్వాత ఆ పిల్ల టైపు నేర్చుకుందని విన్నాను. నాకు సంజాయిషీ మెమో వచ్చింది, జవాబు ఇచ్చాను. మరుసటి జూన్‌లో నన్ను పాడేరు వైపు బదిలీ చేశారు. రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు, లేదని కూడా అనలేదు.

నేను వెళ్ళేలోగా పథకాన్ని కొత్తగా మొదలుపెట్టాం. బోర్డు తీసేశాం, బహుమతి తీసేశాం. దొంగ ఊదుడు పట్టుకునే పని సన్యాసిరావుకు అప్పగించాం. వాడి కన్ను తప్పించుకోవడం ఎవరివల్లా కాలేదు. ‘ఏయ్, ఉమ్మకు, ఊదు,’ అని బావలనే అదిలించేవాడు. గెలుచుకున్న టిఫిను క్యారేజీ తిరిగిస్తానని ఒకరోజు వచ్చాడు గానీ, అందులో అప్పటికే వాళ్ళ నాన్న డ్యూటీకి అన్నం తీసుకెళ్తున్నాడట. ఉంచుకోమన్నాను. అంకెలు నెమ్మదిగా, నిజాయితీగా, బహుమతి ఇవ్వదగ్గంత గొప్పగా కాకుండా పెరిగాయి. బడికి రాలేని రోజులు తగ్గాయి.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ప్రాక్టీసులో ఉన్నాను. మందు వాడుతున్నావా అని రోగిని అడగడం మానేశాను. ఎలా వాడుతున్నావో చూపించమన్నాను. చూపించమంటే ప్రతి పదిమందిలోనూ ఒకరో ఇద్దరో నన్ను ఆశ్చర్యపరిచేవాళ్ళు. మందు పనిచేయడం లేదని రోగి అంకె చెప్పినప్పుడు ముందు నా సూచనను అనుమానించాలి, తర్వాత మందును, రోగిని చిట్టచివరన. అంకె నాకు నచ్చినట్టు ఉన్నప్పుడు మాత్రం వెంటనే, అందరికంటే ముందు, నన్ను నేను అనుమానించుకోవాలి. ఇందులో మొదటిది త్వరగానే అలవాటైంది. రెండోది చాలాసార్లు తప్పాను.